అయినట్టే

పెద్దమేస్త్రికి లిఫ్టులంటే భయం లేదు. ఇరవై ఆరేళ్ళుగా వాటి నెత్తిమీద నిలబడి, వాటి గోతుల్లో కూర్చుని, వాటి తాళ్ళు తడిమి బతికినవాడు. తొమ్మిదో అంతస్తు నుంచి కిందికి చూసినా కళ్ళు తిరగవు. అలాంటి మనిషికి యాభై మూడో ఏట ఇంగ్లీషు క్రియల కాలాలు చూస్తే కళ్ళు తిరిగాయి.

ఆయన పనిచేసే కంపెనీ చేతులు మారింది. కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి వారంలోనే గోడకు కాగితం అంటించారు. ప్రతి భవనానికి ఒక పుస్తకం ఉంటుంది, నెలనెలా లిఫ్టులో ఏం చూశారో, ఏం మార్చారో అందులో రాస్తారు. ఇకనుంచి అది ఇంగ్లీషులోనే, పూర్తి వాక్యాల్లో రాయాలి. రెండు నెలల తర్వాత సీనియర్ మెకానిక్కులు ఆరుగురికీ ఇంగ్లీషు పరీక్ష, వెంటనే ఇంటర్వ్యూ. నెగ్గినవాళ్ళు సీనియర్లుగా ఉంటారు. తప్పినవాళ్ళు ఇంకొకరి వెనక సంచీ మొయ్యాలి. ఆ ఇంకొకరు పెద్దమేస్త్రి దగ్గర స్పానర్ పట్టుకోవడం నేర్చుకున్నవాడే కావచ్చు. ఆ సంగతి తలుచుకుంటే ఆయనకు అన్నం సయించేది కాదు.

కోడలు స్కూల్లో ఇంగ్లీషు చెబుతుంది. మామగారికి పాఠం చెప్పడమేమిటని మొదట మొహమాటపడింది. అత్తగారే బతిమాలింది. చెప్పమ్మా, లేకపోతే ఈయన ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగి నన్ను కాల్చుకు తింటున్నారు అంది. దాంతో రోజూ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర బడి మొదలైంది.

పెద్దమేస్త్రి బాధ అంతా ఒకటే. మన భాషలో చేస్తే చేశాను, చెయ్యకపోతే చెయ్యలేదు. వీళ్ళకేమో చేసినదాంట్లో కూడా రకాలు. ఐ చెక్డ్ అట, ఐ హ్యావ్ చెక్డ్ అట, ఐ హ్యాడ్ చెక్డ్ అట. ఒక్క బ్రేకును ఎన్నిసార్లు చూస్తారమ్మా వీళ్ళు అని విసుక్కున్నాడు.

కోడలు ఓపిక గలది. వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"అత్తయ్యగారు గాట్ యాంగ్రీ అన్నామనుకోండి. నిన్నో మొన్నో కోపం వచ్చింది, ఆ సంగతి అక్కడితో సరి. హ్యాజ్ గాట్ యాంగ్రీ అంటే మాత్రం ఆ కోపం ఇంకా వంటింట్లోనే ఉంది మామయ్యగారూ. మనం ఇప్పుడు మంచినీళ్ళకి కూడా లోపలికి వెళ్ళకూడదు."

ముప్పై ఏళ్ళు కాపురం చేసినవాడికి ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు. ఆ దెబ్బతో అర్థమైపోయింది. హ్యావ్ ఉంటే, జరిగినదాని ఫలితం ఇంకా ఎదురుగా ఉన్నట్టు. హ్యాడ్ ఉంటే, అది మరేదో జరగకముందటి ముచ్చట. ఆలస్యంగా వచ్చినవాడు ఏడవడానికి పెట్టుకున్న మాట అన్నమాట. విల్ అంటే ఊరికే అనుకోవడం. గోయింగ్ టు అంటే జరగబోయేదాని గుర్తు అప్పుడే కంటికి కనబడటం, మబ్బు కమ్మాక వాన గురించి మాట్లాడినట్టు. ఇవన్నీ ఒక పాత క్యాలెండరు వెనక రాసుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఒకనాడు పాఠం మధ్యలో బావమరిది ఫోన్ చేశాడు. ఈ బావమరిది పెద్దమేస్త్రి భార్యకు స్వయానా తమ్ముడు, అదే కంపెనీలో ఆరుగురు సీనియర్లలో ఒకడు, ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. "వచ్చేశా బావా, వచ్చేశా" అన్నాడు. గంటన్నర తర్వాత వచ్చాడు. ఈలోగా కోడలు, వచ్చేశా అన్నది ఏ కాలమో చెప్పండి మామయ్యగారూ అని అడిగింది. పెద్దమేస్త్రి ఆలోచించి, చెప్పులు వెతుక్కునే కాలం అన్నాడు. ఇద్దరూ పడీపడీ నవ్వారు. చేసేశాననుకోండి, పంపించేశాం, అయిపోయినట్టే. ఇవన్నీ ఇంకా మొదలుపెట్టని పనులకు మనవాళ్ళు పెట్టుకున్న ముద్దుపేర్లు అంది కోడలు. ఆయన నవ్వాడు గాని, ఆ నవ్వు మధ్యలో ఏదో గుచ్చుకుంది. ఏమిటో ఆ పూట తెలియలేదు. మర్నాడు ఆఫీసులో పెన్ను పట్టుకున్నాక తెలిసింది.

ఆ ఆఫీసులో ఒక అలవాటు ఉంది. పాత యజమానికి శుభ్రం పిచ్చి. పుస్తకంలో గ్రీజు మరక కనిపిస్తే ఆ పుస్తకం తీసి మొహాన కొట్టేవాడు. లిఫ్టు పని చేసిన చేతులు ఎన్నిసార్లు కడిగినా గోళ్ళ సందుల్లో గ్రీజు ఉండనే ఉంటుంది. అందుకని పెద్దమేస్త్రికి పని నేర్పిన గురువు ఒక ఉపాయం కనిపెట్టాడు. పొద్దున్నే టీ తాగి, చేతులు శుభ్రంగా ఉండగానే, ఆ రోజు వెళ్ళవలసిన భవనాల పుస్తకాలు ముందేసుకుని, పని చేసేసినట్టు రాసెయ్యడం. తర్వాత పోయి ఆ పని చెయ్యడం. గురువు పోయాడు, యజమాని పోయాడు, అలవాటు మాత్రం పోలేదు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా మూత తియ్యని బ్రేకు చాలా బాగుందని పొద్దున ఎనిమిదిన్నరకే ఆరుగురూ రాసేవారు. వాళ్ళు దొంగలు కారు. పొద్దున రాసిన పని సాయంత్రంలోగా చేసేవాళ్ళే, నూటికి తొంభై తొమ్మిదిసార్లు. ఆ మిగిలిన ఒక్కసారి గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు.

తెలుగులో రాసినన్నాళ్ళూ ఆయన చెయ్యి ఎప్పుడూ తడబడలేదు. ఇంగ్లీషులో ఐ హ్యావ్ అని రాయగానే ఆగింది. హ్యావ్ అంటే ఫలితం ఎదురుగా ఉండాలి. ఎదురుగా టీ గ్లాసు తప్ప ఏమీ లేదు. పక్కన కూర్చున్న బావమరిదితో ఆ మాటే అన్నాడు.

"కోడలు నీకు ఇంగ్లీషు నేర్పుతోందా, సన్యాసం ఇప్పిస్తోందా బావా?" అన్నాడు బావమరిది, తన పుస్తకంలోంచి తల ఎత్తకుండానే.

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. పెద్దమేస్త్రి కూడా నవ్వి, రాసేశాడు. కానీ ఆ రోజునుంచి ఆయన కాలు ఒకచోట నిలవలేదు. పొద్దున రాసింది రాసినట్టు సాయంత్రంలోగా చేశానా లేదా అని, చేసిన పనినే తిరిగి వెళ్ళి చూసుకునేవాడు. ఇంటికి వచ్చాక కూడా పిట్టగోడ దగ్గర నిలబడి వేళ్ళమీద భవనాలు లెక్కపెట్టేవాడు. ఇదెక్కడి పీడ తెచ్చిపెట్టావమ్మా అని భార్య కోడలిని మెత్తగా మందలించింది.

పరీక్ష రోజు రానే వచ్చింది. ఆ రోజు కూడా పొద్దున అందరూ టీ తాగారు, అందరూ రాశారు. పరీక్ష మూడింటికని, ఈలోగా ఎవరి పని వాళ్ళు చేసుకురావాలని చెప్పారు. పెద్దమేస్త్రికి మూడు భవనాలు పడ్డాయి. మూడోది తొమ్మిదంతస్తులది, నిండా కాపురాలు. కిందటి నెల దాని పెట్టె నాలుగో అంతస్తులో గడప కన్నా ఒక వేలు కిందికి ఆగుతుండటం ఆయన గమనించాడు. చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు పట్టీ, అదే లైనింగ్, అరిగి ఉంటుంది, వచ్చే నెల మార్చాలి అనుకున్నాడు. ఆ వచ్చే నెల ఇదే. స్టోరులో కొత్త లైనింగ్ అడిగి తీసుకుని సంచీలో వేసుకున్నాడు. పుస్తకంలో, ఐ హ్యావ్ చేంజ్డ్ ద బ్రేక్ లైనింగ్, ఇట్ ఈజ్ వర్కింగ్ వెల్, అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. పుస్తకాలు ఇంటర్వ్యూలో చూస్తారట, అందుకని వాటిని అక్కడే అప్పజెప్పి బయలుదేరాడు.

రెండు భవనాలు పూర్తయ్యాయి. మూడోదాని గేటు దగ్గరకు పదకొండింటికి చేరాడో లేదో ఆఫీసునుంచి ఫోన్. పరీక్ష పెట్టే ఇంజనీరుకు సాయంత్రం ప్రయాణం పడింది, పరీక్ష పన్నెండింటికే, రానివాళ్ళు తప్పినట్టే లెక్క అన్నారు. ఫోన్ జేబులో పెట్టుకునేలోగా వాచ్‌మన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. నాలుగో అంతస్తులో లిఫ్టు ఇప్పుడు రెండు వేళ్ళు కిందికి ఆగుతోందని, నిన్న ఒక పెద్దావిడ గడప తట్టుకుని పడబోయిందని చెప్పాడు. పెద్దమేస్త్రి సంచీ భుజాన సర్దుకుని, సాయంత్రం వస్తానని బస్సు ఎక్కాడు.

స్విచ్ తీసి లిఫ్టు ఆపేసి వెళ్ళవచ్చు కదా అని మీరంటారు. ఆయనకు ఆ ఆలోచన రాకపోలేదు. కానీ కొత్త కంపెనీ పెట్టిన ఏర్పాటు ప్రకారం, ఎక్కడ లిఫ్టు స్విచ్ తీసినా ఆ కబురు క్షణంలో ఆఫీసు కంప్యూటరులో పడుతుంది. లైనింగ్ మార్చేశాను, బాగా పనిచేస్తోంది అని రాసిన మనిషి అదే లిఫ్టును ఎందుకు ఆపించినట్టు? అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఆ బస్సులో పెద్దమేస్త్రి అచ్చం అదే. నెల రోజులు ఆగినది ఇంకో పూట ఆగదా అని తనకు తాను చెప్పుకున్నాడు. ఒక వేలు నెల పట్టింది గాని, రెండో వేలు ఎప్పుడు వచ్చిందో ఎవరికి తెలుసు అని మళ్ళీ తనే అడిగాడు.

రాతపరీక్ష సులువుగా అయిపోయింది. అన్ని ఖాళీలూ నింపాడు. ఒక ప్రశ్నలో, మబ్బులు చూడండి, వాన పడబోతోంది అనే అర్థం వచ్చేలా రాయమన్నారు. గోయింగ్ టు అని రాస్తుంటే నాలుగో అంతస్తు గడప కళ్ళముందుకొచ్చింది. రెండు వేళ్ళు. ఇది ఊరికే అనుకోవడం కాదు, కంటికి కనబడిన గుర్తు.

తర్వాత ఇంటర్వ్యూలు. ఒక్కొక్కరినీ లోపలికి పిలుస్తున్నారు. వరండాలో కుర్చీలు వేశారు గాని, పెద్దమేస్త్రి కూర్చుంటే ఒట్టు. ఈ గోడనుంచి ఆ గోడకు, ఆ గోడనుంచి ఈ గోడకు. మూడుసార్లు వాచ్‌మన్‌కు ఫోన్ చేశాడు. చేసి ఏమని అడగాలో తెలియక, ఎలా ఉంది అన్నాడు. ఇందాకటిలాగే ఉంది మేస్త్రీ అన్నాడు వాచ్‌మన్, మూడుసార్లూ. మూడోసారి మాత్రం, మూడున్నరకు పిల్లలు బడినుంచి వస్తారు, ఒకేసారి పదిమంది ఎక్కి గోలగోల చేస్తారు, ఆ గోల కాస్త తగ్గాక రండి అని ఉచిత సలహా కూడా ఇచ్చాడు. గోడమీది గడియారం రెండూ నలభై చూపిస్తోంది.

అప్పటికే లోపలికి వెళ్ళొచ్చిన బావమరిది మొహం వెలిగిపోతోంది. నోరున్నవాడిదే రాజ్యం కదా, పాసయ్యానని ఇంజనీరే చెప్పాడట. ఈసారి నీదే బావా, నీ ఇంగ్లీషు ముందు మాదెంత, అయిపోయినట్టే అనుకో అని భుజం తట్టాడు. పెద్దమేస్త్రికి ఒళ్ళు మండింది. ఎవరిమీదో ఆయనకే తెలియలేదు.

ఇంజనీరు ముప్పై ఏళ్ళవాడు, మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు. రాతపరీక్షలో అందరికన్నా మీకే ఎక్కువ వచ్చాయని చెప్పాడు. తర్వాత తొమ్మిదంతస్తుల భవనం పుస్తకం తెరిచి ఆ రోజు పేజీ దగ్గర వేలు పెట్టాడు. ఆ వాక్యం పైకి చదివి, మిగతావాళ్ళంతా ఐ యామ్ చేంజ్డ్ అని రాసి నన్ను చంపుతున్నారు, మీ ఒక్కరిదే సరిగ్గా ఉంది అన్నాడు. ఐ చేంజ్డ్ అని కాకుండా హ్యావ్ ఎందుకు పెట్టారో చెప్పమన్నాడు.

ఇది ఆయనకు కంఠతా వచ్చు. నోరు తెరిచి చెప్పేశాడు. ఐ చేంజ్డ్ అంటే ఎప్పుడో మార్చాను, ఆ తర్వాత సంగతి ఆ వాక్యానికి పట్టదు. ఐ హ్యావ్ చేంజ్డ్ అంటే మార్చాను, ఆ మార్చినది ఇప్పుడు అక్కడ ఉంది. ఈ క్షణంలో లిఫ్టు దానిమీదే ఆగుతోంది. ఇంత చెప్పి ఆగాడు. ఇంజనీరు సంతోషంగా తల ఊపి, కాగితంమీద ఏదో రాసుకోవడానికి పెన్ను తీశాడు. అది టిక్కు పెట్టబోయే పెన్ను. ఆ టిక్కు పడితే ఇరవై ఆరేళ్ళ గౌరవం నిలుస్తుంది.

పెద్దమేస్త్రి కుర్చీలోంచి లేచాడు. కూర్చుని చెప్పలేకపోయాడు.

"అక్కడ లేదు సార్," అన్నాడు. "లైనింగ్ నా సంచీలో ఉంది. ఆ లిఫ్టు బ్రేకు మూత నేను ఇవాళ తియ్యనే లేదు. అది రెండు వేళ్ళు జారుతోంది. మూడున్నరకు పిల్లలొస్తారు. ముందు మీరు దాన్ని ఆపించండి, తర్వాత నన్ను ఏమన్నా అనండి."

ఇంజనీరు ముందు ఫోన్ తీసి లిఫ్టు ఆపించాడు. ఆ పని చేసినందుకు పెద్దమేస్త్రికి అతనిమీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేం. తర్వాత పుస్తకం మూసి, మిగతావాళ్ళూ ఇలాగే ముందే రాస్తారా అని అడిగాడు. నా సంగతి నేను చెప్పాను సార్, అంతవరకే నా నోరు అన్నాడు పెద్దమేస్త్రి. ఇంజనీరు పెన్నుకు మూత పెట్టాడు.

"పరీక్ష మీరు పాసయ్యారు. కానీ సీనియర్ల లిస్టులో మీ పేరు ఎలా పెట్టను? మీరే చెప్పండి," అన్నాడు చివరికి.

పెద్దమేస్త్రి సంచీ భుజాన వేసుకున్నాడు. ఆ లిఫ్టు పని పూర్తిచేసి వస్తానని సెలవు తీసుకున్నాడు.

గది తలుపుకు సందు ఉంది, వరండాలో చెవులూ ఉన్నాయి. బయటికి వచ్చేసరికి మిగతావాళ్ళు చూపులు తిప్పుకున్నారు. బావమరిది మాత్రం వెంటపడ్డాడు. మెట్లమీద మొదలుపెట్టినవాడు బస్సు దిగేదాకా ఆపలేదు. ఇల్లు ముంచావు, మమ్మల్ని కూడా ముంచబోయావు, అక్కకు ఏం చెబుతావు, సహాయకుడిగా ఎవరి సంచీ మోస్తావు, నాదా అని ఒకటే ఊపిరిలో అడిగాడు. పెద్దమేస్త్రి తన సంచీని ఈ భుజంమీదనుంచి ఆ భుజంమీదికి మార్చుకున్నాడు.

పిల్లలు తొమ్మిది అంతస్తులూ మెట్లెక్కుతూ, ఎవరో పెద్దమేస్త్రిని తిడుతుంటే తామూ నాలుగు తిట్లు నేర్చుకుంటున్నారు. ఆయన వాళ్ళ మధ్యలోంచే పైకెక్కి మిషను గది తాళం తీశాడు. బ్రేకు మూత విప్పాడు. దీపం పట్టుకోమంటే బావమరిది సణుగుతూ పట్టుకున్నాడు. పెద్దమేస్త్రి లైనింగ్‌ను వేలితో తడిమి, కొలత పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు.

లైనింగ్ బాగానే ఉంది. ఇంకో మూడు నెలలు ఢోకా లేదు. స్ప్రింగును పట్టి ఉంచే నట్టు వదులైంది, అంతే. స్పానర్ వేసి రెండు చుట్లు తిప్పితే బిగిసింది. మొత్తం పది నిమిషాల పని. స్విచ్ వేయించి నడిపిస్తే, నాలుగో అంతస్తులో పెట్టె గడపకు సమానంగా ఆగిందని కిందినుంచి వాచ్‌మన్ కేక వేశాడు.

బావమరిది దీపం కింద పెట్టేశాడు.

"కొండను తవ్వి ఎలుకను పట్టావు బావా. ఈ నట్టు కోసమా ఇరవై ఆరేళ్ళు పారేసుకున్నావు? నోరు మూసుకుని ఉంటే సాయంత్రం వచ్చి తిప్పేవాడివి, ఎవడికి తెలిసేది?"

పెద్దమేస్త్రి స్పానర్ తుడిచి సంచీలో వేసుకున్నాడు.

"నట్టే అని ఇప్పుడు తెలిసింది," అన్నాడు. "పొద్దున రాసినప్పుడు నాకు తెలీదు. ఏమీ తెలీకుండానే ఈ తొమ్మిది అంతస్తుల వాళ్ళకి నేను పూచీ పడ్డాను. ఇది నట్టు కాకుండా ఇంకేదైనా అయ్యుంటేనో? నాకు కూర్చోబుద్ధి కావట్లేదురా."

మోటారు మళ్ళీ తిరిగింది, పిల్లలు ఎక్కినట్టున్నారు. నల్లటి చక్రం మీదుగా తాళ్ళు పరుగెత్తాయి, ఆగాయి, మళ్ళీ పరుగెత్తాయి. బావమరిది ఆ తాళ్ళవైపే చూస్తూ నిలబడ్డాడు.

"నా వంతుకొచ్చే బట్టల కొట్టు లిఫ్టుకి వేగం మీరితే పట్టి ఆపే తాడుంది చూడు," అన్నాడు నెమ్మదిగా. "అది నేను చూసి మూడు నెలలైంది బావా. ప్రతి నెలా రాస్తూనే ఉన్నాను."

పెద్దమేస్త్రి చెప్పాలనీ అనలేదు, వద్దనీ అనలేదు. బావమరిది జేబులోంచి ఫోన్ తీశాడు, లోపల పెట్టాడు, మళ్ళీ తీశాడు. ఆ చిన్న గదిలో నాలుగడుగులు అటూ ఇటూ తిరిగాడు. చివరికి నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"సార్, నేనండీ. ఇందాక పాసైనవాణ్ణి," అన్నాడు. "ఆ బట్టల కొట్టు లిఫ్టు ఆపించండి సార్."